ఎవరూ అడుగు పెట్టని మూల

ఆఫీసులో ఆవిడని పిసినారి అంటారు. ముఖాన అనరు. మీటింగు గది తలుపు తీసేలోపే "పిసినారి వస్తోంది, కాయితాలు దాచుకోండి" అన్న గుసగుస చెవిన పడుతుంది గనక, ముఖాన అన్నా ఒకటే, అనకపోయినా ఒకటే. ఆవిడ పట్టించుకోదు. తను చేసే పనికి అంతకంటే తగిన బిరుదు దొరకదని లోపల్లోపల కాస్త గర్వం కూడా.

పని చిప్‌లు గీయడం. మామూలు చిప్‌లు కాదు. మామూలు చిప్ ఫ్యాక్టరీ దాటేసరికే దాని తలరాత రాసేసి ఉంటుంది. గడియారం కోసం పుట్టింది గడియారంలోనే పోతుంది. ఆవిడ గీసేది ఖాళీగా పుడుతుంది. కొనుక్కున్నవాడు తనకి కావలసిన సర్క్యూట్‌ని అందులో నింపుకుంటాడు. వద్దనుకుంటే చెరిపేసి ఇంకోటి నింపుకుంటాడు. లోపల చూస్తే కొత్తగా కట్టిన కాలనీలా ఉంటుంది. వరసగా ఇళ్లలా చిన్నచిన్న లాజిక్ గదులు, వాటి మధ్య వీధుల్లా వైర్లు, మలుపు మలుపుకీ ఎటు వెళ్లాలో చెప్పే స్విచ్‌లు. తెలియనివాళ్లు ఇళ్లే ఎక్కువ చోటు తింటాయనుకుంటారు. తినేది వీధులు. అందుకని నాలుగేళ్లుగా ఆవిడ చేస్తున్నదల్లా ఆ వీధుల వెడల్పు తగ్గిస్తూ పోవడం. ఎక్కడ ఒక్క వైరు తీసేసినా పని జరుగుతుందంటే, తీసేసేదాకా నిద్రపోదు.

ఆ వీధుల మీదకే ఇప్పుడు వచ్చింది ముప్పు.

ఆ ఉదయం కారులో పక్కసీటులో కూర్చున్న మరిది నోట మాట లేదు. మామూలుగా ఇంటి గేటు దగ్గర మొదలుపెడితే ఆఫీసు లిఫ్టు దాకా ఆపడు.

"ఏంటి, మీ అన్నయ్య కాఫీలో చక్కెర మర్చిపోయాడా?" అంది.

"చక్కెర మర్చిపోలేదు వదినా. కాఫీయే మర్చిపోయాడు." సీటు బెల్టు సర్దుకున్నాడు. "ఈరోజు పెద్దాయన ఆ కొత్త నక్షా మీద సంతకం పెట్టేస్తాడంటావా?"

"పెట్టేస్తాడు."

"మరి నువ్వేం చేస్తావు?"

"ముందు కారు పెట్టుకోడానికి చోటు వెతుక్కుంటాను."

మరిది నవ్వబోయి మానేశాడు. అతన్ని ఈ కంపెనీకి తీసుకొచ్చింది ఆవిడే. కొన్నవాడి సర్క్యూట్‌ని చిప్‌లో ఏ ముక్క ఏ గదిలో ఉండాలో, ఏ వీధిలోంచి వెళ్లాలో సర్దిపెట్టే ప్రోగ్రాం అతని చేతి పని. అందరూ దాన్ని సర్దుడు ప్రోగ్రాం అంటారు. ఆఫీసు గేటు దాటగానే వదిన మేడమ్ అవుతుంది, నువ్వు మీరవుతుంది. సాయంత్రం గేటు బయటికొస్తే మళ్లీ మామూలే. ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకుని పెట్టుకున్న నియమం కాదది. దానంతటదే కుదిరింది.

పెద్దాయన గదిలో బల్ల మీద కొత్త నక్షా పరిచి ఉంది. అంచులు బల్ల మీంచి కిందికి వేలాడుతున్నాయి. పెద్దాయనంటే కంపెనీ పెట్టినాయన. వయసులో ఆవిడకంటే రెండేళ్లే పెద్ద. జుట్టు నెరవడానికి తొందరపడటం వల్ల వచ్చిన పేరు.

"చూశారా?" అన్నాడు.

చూసింది. తన చిప్పే, వీధులు మాత్రం లావెక్కాయి. ఎవరో తన ఇంటికొచ్చి గోడలన్నీ జరిపి వెళ్లినట్టనిపించింది.

"ఇలాగైతే చిప్ ఎంత పెద్దదవుతుందో తెలుసు కదా సార్."

"తెలుసు. సర్క్యూట్ పట్టని చిన్న చిప్ కంటే పట్టే పెద్ద చిప్ నయం. మధ్యాహ్నం వాళ్లు వస్తున్నారు. చూపించడానికి నా దగ్గర ఏదో ఒకటుండాలి."

వాళ్లంటే అరచేతిలో పట్టే స్కానింగు యంత్రం తయారుచేసేవాళ్లు. ఒంటి మీద ఆనిస్తే లోపల నరం కొట్టుకోవడం తెరమీద కనబడాలి. దానికి కావలసింది చిన్న చిప్, వేడెక్కని చిప్. ఈ కంపెనీ మొదటి చిప్ వాళ్లకి నచ్చింది కానీ సరిపోలేదు. అందుకని రెండోది తయారైంది. మొదటి చిప్‌నే ఒక పలకగా తీసుకుని, వరసకి నాలుగు చొప్పున నాలుగు వరసలు పరిచారు. ఒకసారి గీసినదాన్నే మళ్లీమళ్లీ వాడుకోవడం ఆవిడ పద్ధతి. ఇంకా పెద్దది కావాలంటే ఇంకొన్ని పలకలు పరుచుకుంటూ పోవచ్చు. లెక్క ప్రకారం వాళ్ల సర్క్యూట్ ఇందులో హాయిగా పట్టాలి. పట్టలేదు. గదులు బోలెడన్ని మిగిలున్నా "దారి లేదు" అని సర్దుడు ప్రోగ్రాం చేతులెత్తేసింది. ఆఫీసంతా ఒకటే మాట. పిసినారితనం ముదిరి వీధులు మరీ సన్నం చేసింది, ఇంకేముంటుంది?

"పెద్ద చిప్ వాళ్ల యంత్రంలో పట్టదు సార్. వెళ్లిపోతారు," అంది.

"వెళ్లిపోతే వెళ్లిపోనీ. పట్టిందని అబద్ధం చెప్పి పంపలేను కదా." పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. "ఇప్పుడున్న చిప్ ఎంత వేడెక్కుతోందో చెప్పండి. కొత్తది ఎంత వేడెక్కుతుందో దాన్నిబట్టి లెక్కేసుకుంటాను. అది రాగానే సంతకం పెట్టేస్తాను."

అంటే తన నాలుగేళ్ల పని తలమీద పెట్టబోయే బండరాయిని తననే మోసుకు రమ్మంటున్నాడు. సరేనని లేచింది.

ల్యాబులో డాక్టరమ్మ ఉంది. చిప్‌లకి జ్వరం చూస్తుంది గనక డాక్టరమ్మ. వేడిని బొమ్మగా చూపించే కెమెరా డాక్టరమ్మకి సొంత బిడ్డ లాంటిది. ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకోదు. చిప్‌లో స్కానింగు సర్క్యూట్ మొత్తం పట్టలేదు గనక పట్టినంత నింపి నడుపుతోంది.

"వేడి కావాలా? రండి. మీ బంగారం ఒళ్లు పెద్దగా కాలడం లేదు. అదొక్కటీ మెచ్చుకోవాలి."

తెరమీద చిప్ ఎర్రగా, నారింజరంగుగా కనిపిస్తోంది. అంకె రాసుకుని వెళ్లబోయింది ఆవిడ. వెళ్లబోయి ఆగింది.

"ఈ నీలం చుక్కలేంటి?"

"చల్లగా ఉన్న చోట్లు. పని జరగడం లేదక్కడ."

"అది తెలుసు. ఇవి వరసగా ఉన్నాయేంటి?"

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. వరసకి నాలుగు, నాలుగు వరసలు. ప్రతి పలకకీ కింద కుడిమూల, ఎవరో వేలితో అద్దినట్టు నీలం. సర్క్యూట్‌లో పని ఎక్కడ ఎక్కువుంటే అక్కడ వేడి, తక్కువుంటే చల్లదనం. అది ఒక వరసలో ఉండాల్సిన పని లేదు. అన్ని పలకల్లోనూ అదే మూల చల్లగా ఉందంటే, అక్కడికి ఎవరూ వెళ్లకపోవడం యాదృచ్ఛికం కాదు. ఎవరో వెళ్లొద్దన్నారు.

వెళ్లొద్దని చెప్పగలిగేది ఒక్కటే. సర్దుడు ప్రోగ్రాం.

మరిది బల్ల దగ్గరికి ఆవిడ వేగంగానే వెళ్లింది కానీ పరుగెత్తలేదు. ఆఫీసులో పరుగెత్తితే పదిమంది తల తిప్పుతారు.

"పలక వివరాలు తెరువు. కింద కుడిమూల ఏం రాశావు?"

"ఏమైంది మేడమ్?"

"ముందు తెరువు."

తెరిచాడు. కిందికి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. మెడ వెనకనుంచి చెవులదాకా ఎరుపెక్కడం ఆవిడకి కనిపించింది. ప్రోగ్రాంలో ఒకే ఒక్క వరస. ఆ మూలలో ఏమీ పెట్టకు, ఆ మూలలోంచి ఏదీ పంపకు.

"ఇది మొదటి చిప్ అప్పటిది వదినా," అన్నాడు, నియమం మర్చిపోయి. "అప్పుడెవరో పెట్టమంటే పెట్టాను. పలకని పదహారుసార్లు పరిచినప్పుడు..."

"ఇదీ పదహారుసార్లు పరుచుకుంది."

ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. మొదటి చిప్‌లో ఆ మూల ఊరి చివర. అక్కడ నాలుగిళ్లు మూసేసినా ఎవరికీ పట్టదు, అటుగా ఎవరూ వెళ్లరు. అలాంటి ఊళ్లు పదహారు కలిపి నగరం చేస్తే, ఊరి చివరలు నగరం నడిబొడ్డులోకి వచ్చేశాయి. ఇటునుంచి అటు వెళ్లాల్సిన ప్రతి వైరూ మూసిన మూలని తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్తోంది. పక్క వీధులన్నీ కిక్కిరిసిపోయాయి. వీధులు ఇరుకని అందరూ తిడుతున్నారు. వీధులు ఇరుకు కాదు. నడిమధ్యలో అడ్డుకర్రలు.

"తీసెయ్," అంది.

మరిది చెయ్యి కీబోర్డు మీదకి వెళ్లి ఆగిపోయింది. "ఎందుకు పెట్టమన్నారో గుర్తులేదు వదినా. అక్కడ ఏదైనా కాలిపోయే గొడవ ఉండి పెట్టుంటే? ఉన్నవి రెండే చిప్‌లు. ఒకటి వాళ్లకి చూపించేది."

"ఎవరు పెట్టమన్నారు?"

"అదే గుర్తులేదు."

"రాసుకోలేదా?"

"నువ్వెప్పుడైనా రాసుకున్నావా, ఏ వైరెందుకు తీసేశావో?"

ఆవిడ ఇంకో వైపునుంచి లెక్కేసింది. మూలలో గొడవ ఉందని తెలియాలంటే ఎవరో మూలని చూసి ఉండాలి. చిప్‌లని అంత దగ్గరగా చూసేది ఈ కంపెనీలో ఒకే ఒక్క మనిషి. ఇద్దరూ ల్యాబుకి నడిచారు.

"అవును, నేనే చెప్పాను," అంది డాక్టరమ్మ, అదేదో కొత్త సంగతా అన్నట్టు. "మొదటి చిప్‌కి కరెంటు రెండు వైపులనుంచే వచ్చేది. ఆ మూలకి చేరేసరికి, టాంకుకి దూరంగా ఉన్న ఇంటికి నీళ్లొచ్చినట్టు, ధార సన్నబడిపోయేది. అందరూ ఒకేసారి కొళాయి తిప్పితే ఆ ఇంటికి చుక్క రాదు. లెక్కలు తప్పేవి. అందుకని అటు వెళ్లకండి అన్నాను. ఆ చిప్‌కి అన్నాను. పుట్టబోయే పిల్లలందరికీ అనలేదు."

"కొత్త చిప్‌కి కరెంటు పైనుంచి దిగుతుంది," అంది ఆవిడ. "అన్ని పలకలకీ. అయితే భయం లేదు."

"లేదని మీరు గీశారు. ఉందో లేదో నేను కొలవాలి."

ఆ మాటకి ఆవిడకి కోపం రావాలి. రాలేదు. పొద్దుటినుంచీ ఎవరూ ఏదీ కొలవకుండానే మాట్లాడుతున్నారు. కొలుస్తానన్న మనిషి ఈవిడొక్కతే.

పెద్దాయన గదిలో నక్షా అలాగే పరిచి ఉంది. విషయం నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆయన అడ్డు తగలకుండా విన్నాడు.

"అంటే తప్పు మీ మరిదిగారిది."

"పలకలు పరిచే పద్ధతి నాది సార్. పరిచేముందు పలకలో ఏముందో చూడాల్సింది నేను."

"ఇంకెవరైనా అయితే ఇంత మెత్తగా మాట్లాడేవారా?"

"ఇంకెవరైనా అయితే ఇంటికెళ్లాక వాళ్ల అమ్మగారికి జవాబు చెప్పుకునే పని నాకుండేది కాదు."

పెద్దాయన మూతి బిగించాడు, నవ్వు ఆపుకోడానికి. "ఎంతసేపు కావాలి?"

"వాళ్లు వచ్చేదాకా."

"వాళ్లు మెట్లెక్కే చప్పుడు వినబడగానే ఇది సంతకమైపోతుంది. తర్వాత నన్నేమీ అనకండి."

మరిది ఆ వరస తీసేశాడు. తీసేటప్పుడు ఊపిరి బిగపట్టడం ఆవిడ గమనించింది. తనూ బిగపట్టింది, అది ఎవరూ గమనించలేదు. స్కానింగు సర్క్యూట్ మొత్తాన్ని ప్రోగ్రాం మళ్లీ సర్దడం మొదలుపెట్టింది. మొదట ముక్కల్ని ఎక్కడ పడితే అక్కడ వేస్తుంది. తర్వాత ఒకదాన్నొకటి మార్చుకుంటూ, దగ్గరికి చేర్చుకుంటూ పోతుంది. కొత్తింట్లో సామాను దించినట్టే. ముందు అన్నీ హాల్లో కుప్ప, తర్వాత మంచం మంచం చోటికి. తెరమీద ఎర్ర గీతలన్నీ ఎక్కడ వీధి కిక్కిరిసిందో చెబుతాయి. నిన్నటిదాకా తెరనిండా ఎరుపే. ఇప్పుడు పలచబడుతోంది. ఒకచోట మొండికేసింది, అక్కడే తచ్చాడింది. మరిది గోళ్లు కొరకడం మొదలుపెట్టాడు.

"అత్తయ్య చూస్తే వేలికి కాకరరసం రాస్తారు," అంది.

"మీరు చెప్పకపోతే అమ్మకి తెలీదు మేడమ్."

ఎరుపు పోయింది. దారి దొరికింది. మొత్తం పట్టింది, ఇంకా చోటు మిగిలింది. మరిది కుర్చీలో వెనక్కి వాలి మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆవిడ మాత్రం తెరకి దగ్గరగా వంగి మధ్య వీధుల్లో ఏదో చూస్తోంది.

ల్యాబులో చిప్‌లోకి ఎక్కించారు. కెమెరా బొమ్మలో నీలం చుక్కలు ఒక్కొక్కటీ వెచ్చబడ్డాయి. డాక్టరమ్మ ఒక్కో మూలనీ కొలుస్తూ, పెదవులు మాత్రమే కదిలిస్తూ లెక్క పెట్టుకుంటోంది. పైవరసలన్నీ బాగున్నాయి. చిట్టచివరి పలక దగ్గరికొచ్చేసరికి పెదవులు ఆగాయి.

"ఇది తప్పుతోంది."

"ఎంత?"

"ఎంత అన్నది కాదు. తప్పుతోంది. అన్నీ ఒక్కసారి కొళాయి తిప్పినప్పుడు ఇక్కడ చుక్క రావడం లేదు. మీ కరెంటు పైనుంచి దిగుతుంది, నిజమే. ఈ చివర దిగడానికి చోటేది? ఇక్కడ బయటికి వెళ్లే పిన్నులు పెట్టారు."

ఆవిడ మనసులో నక్షా తిప్పి చూసుకుంది. నిజమే. ఆ పిన్నులు అక్కడ పెట్టింది తనే. చోటు కలిసొస్తుందని.

మెట్ల మీద మాటలు వినబడ్డాయి. కొత్త గొంతులు. వాటి మధ్య పెద్దాయన నవ్వు, అవసరంకంటే కాస్త గట్టిగా.

"మొత్తం వెనక్కి తీసుకుందామా?" అన్నాడు మరిది. "నిన్నటిదే చూపించి, మిగతాది తర్వాత అని..."

"పదిహేను తెరిచే ఉంచు. ఇదొక్కటి మూసెయ్."

"మళ్లీ పడుతుందా?"

"ఇది నిజంగానే ఊరి చివర. ఎవరికీ అడ్డు రాదు."

అతను నిలబడే టైపు చేయడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ కాఫీ కప్పు పక్కకి జరిపి కుర్చీ ఇచ్చింది. ఆ కుర్చీలో ఇంతవరకూ ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. ప్రోగ్రాం ఈసారి తచ్చాడలేదు. అంతా అమరి ఉంది, ఒక్క గదిలోని సామాను పక్కగదిలోకి మార్చడమే. చిప్‌లోకి ఎక్కేసరికి వచ్చినవాళ్లు పెద్దాయన గదిలో కూర్చున్నారు. పెద్దాయన పెన్ను మూత తీసి ఉంది. నక్షా మీద ఆయన చెయ్యి ఉంది.

ఆవిడ తలుపు తీసి, లోపలికి రాకుండా, తల ఊపింది. పెద్దాయన ఆవిడ మొహంలోకి చూశాడు. చూసి పెన్ను మూత పెట్టేశాడు.

"ముందు ల్యాబుకి వెళ్దాం రండి," అన్నాడు వాళ్లతో.

వచ్చినవాళ్లకి పెద్ద ఒక పొట్టి ఆడమనిషి, ప్రశ్న వేయకముందే జవాబు మీద అనుమానపడే రకం. యంత్రం తనే తెచ్చుకుంది. చిప్ ఉన్న బోర్డుకి తీగ తగిలించి, చేతి గడియారం తీసి, మణికట్టు మీద యంత్రాన్ని ఆనించింది. తెరమీద ముందు బూడిదరంగు మసక. తర్వాత మసక విడిపోయింది. మధ్యలో ఒక సన్నటి నల్లటి గొట్టం, ఆగి ఆగి ఉబ్బుతూ.

ఆ మనిషి చాలాసేపు తన నరాన్ని తనే చూసుకుంది. తర్వాత వేలితో చిప్‌ని ముట్టుకుంది.

"ఇది నడుస్తూనే ఉందా?"

"నడుస్తోంది," అంది డాక్టరమ్మ.

"గోరువెచ్చగా ఉందంతే."

"జ్వరం లేదు. నా పూచీ."

"పోయిన వారం పట్టలేదన్నారు."

పెద్దాయన నోరు తెరిచాడు. ఆయనకంటే ముందు మరిది మాట్లాడాడు. "పట్టేదేనండి. నా ప్రోగ్రాంలో పాత నియమం ఒకటి ఉండిపోయింది. అది అడ్డుపడింది. ఇప్పుడు తీసేశాం. చివరి మూల ఒక్కటి ఇంకా మూసే ఉంది, అక్కడ కరెంటు చాలడం లేదు."

ఆ మనిషి అతనివైపు అనుమానంగా చూసింది. అలవాటు పోదు.

"చాలని మూల ఏదో మీకు తెలుసు కదా?"

"తెలుసండి."

"మిగతా కంపెనీలవాళ్లు అలాంటి మూలలే లేవంటారు," అంది గడియారం పెట్టుకుంటూ. "ఇదే సైజులో కావాలి. ఇంతకంటే గోరంత పెరిగినా నాకు వద్దు."

వాళ్లు వెళ్లాక పెద్దాయన లావు వీధుల నక్షాని బల్ల మీంచి లాగి, మడతపెట్టి, గోడపక్క చెత్తబుట్టలోకి తోశాడు. అది బుట్టలో పట్టక సగం బయటే ఉండిపోయింది.

సాయంత్రం మరిది బ్యాగు తగిలించుకుని ఆవిడ గదికి వచ్చాడు. మూసిన చివరి మూల పక్కన ఎందుకు మూశామో, ఎవరు కొలిచారో, ఏ చిప్‌కో రాసిపెట్టానన్నాడు. ఇంటికి పోదామన్నాడు. ఆవిడ వినలేదు. బల్ల నిండా ఏదో పరుచుకుని పెన్సిలు పట్టుకుంది.

"ఇంకేంటి వదినా? అయిపోయింది కదా."

"మూలలు తెరిచాక మధ్య వీధుల్లో సగం ఖాళీగానే ఉన్నాయి. చూశావా?"

"చూశాను. చూసి సంతోషించాను. నువ్వు కూడా సంతోషించు, ఈ ఒక్క సాయంత్రానికి."

"ఈ చివర కరెంటు దింపడానికి చోటు కావాలన్నారు కదా డాక్టరమ్మ. ఆ ఖాళీ వైర్లు కొన్ని తీసేస్తే ఆ చోటు దొరుకుతుంది. ఇంకా మిగులుతుంది కూడా."

మరిది బల్ల మీదికి వంగి చూశాడు. పెన్సిలు గీతలు సన్నగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. కాయితం అంచులు బల్ల మీంచి కిందికి వేలాడుతున్నాయి. ఒక అంచు ఎత్తి వెనక్కి తిప్పాడు. అవతలివైపు లావు వీధులు.

"చెత్తబుట్టలోంచి తీశావా?"

"వెనక అంతా తెల్లగానే ఉంది," అంది ఆవిడ, తల ఎత్తకుండా. "పారేయడమెందుకు?"